రెక్కల లెక్క

పాంటూన్ బోటు కొనేవాళ్లు ముందు ఇంజిన్ ఎన్ని హార్స్‌పవరో అడుగుతారు. ఆ తర్వాత సోఫాల రంగు, పాటల సిస్టమ్, ఎండకు పైన పందిరి ఉందా లేదా. నీళ్లలో మునిగి ఎవరికీ కనబడకుండా తిరిగే ఆ మూడు రెక్కల సంగతి అడిగినవాళ్లు నాకింతవరకు తారసపడలేదు. ఇంజిన్‌లో పుట్టిన బలమంతా నీటికి చేరేది వాటి గుండానే. అవి కుదరకపోతే ఎంత పెద్ద ఇంజిన్ పెట్టినా సగం రొదే మిగులుతుంది.

మేముండేది జార్జియాలో, అట్లాంటాకు ఉత్తరాన లేక్ లేనియర్ దగ్గర. చట్టహూచీ నది మీద 1950లలో అమెరికా సైన్యపు ఇంజినీర్లు బ్యూఫర్డ్ డ్యామ్ కడితే ఏర్పడిన జలాశయం అది. కమ్మింగ్, ఆల్ఫరెటా వైపు మన కుటుంబాలు ఎక్కువ కాబట్టి, వేసవి శనివారం ఆ నీళ్ల మీద తెలుగు పాట వినబడని మూల లేదంటే అతిశయోక్తే గాని, మరీ పెద్ద అతిశయోక్తి కాదు. నేనూ మా తోడల్లుడూ కలిసి కొన్న బోటు ఇరవై రెండు అడుగులది. కింద రెండు అల్యూమినియం గొట్టాలు, పైన చదునైన బల్ల, చుట్టూ రెయిలింగు, వెనక 115 హార్స్‌పవర్ ఫోర్‌స్ట్రోక్ ఇంజిన్. దానికి బిగించి వచ్చింది మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్, పిచ్ 13.

ఆ 13 ఏమిటో చెప్పాలి. చెక్కలోకి మరమేకు తిప్పితే ఒక చుట్టుకు కొంత మేర దిగుతుంది కదా, ప్రొపెల్లర్ కూడా నీళ్లలో ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో ఆ కొలతే పిచ్. వ్యాసం, పిచ్ రెండూ మధ్యనున్న గుబ్బ మీద అచ్చు గుద్ది ఉంటాయి. అయితే నీళ్లు చెక్క కావు, జారిపోతాయి. లెక్క ప్రకారం పోవాల్సిన దూరానికీ నిజంగా పోయిన దూరానికీ ఉన్న తేడాను స్లిప్ అంటారు. దాన్ని ఇంట్లో కూర్చుని కట్టవచ్చు. ఆర్‌పీఎమ్‌ను పిచ్‌తో హెచ్చించి, గేర్ నిష్పత్తిని 1,056తో హెచ్చించగా వచ్చిన సంఖ్యతో భాగిస్తే గంటకు ఎన్ని మైళ్లు పోవాలో వస్తుంది. మైలుకు 63,360 అంగుళాలు, గంటకు 60 నిమిషాలు. ఆ మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే 1,056. మా ఇంజిన్ గేర్ నిష్పత్తి 2.15. అంటే ఇంజిన్ రెండు చుట్లకు పైగా తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది.

అమ్మినవాళ్లు మార్చి నెలలో ఒక చల్లని ఉదయం మాకు నడిపి చూపించారు. బోటులో ఇద్దరే మనుషులు, ట్యాంకులో పావువంతు గ్యాస్, అంటే పెట్రోలు. లీవరు పూర్తిగా ముందుకు తోస్తే 5,600 ఆర్‌పీఎమ్, ఇరవై అయిదు మైళ్లు. పూర్తి త్రాటిల్‌లో ఇంజిన్ 5,000కీ 6,000కీ మధ్య తిరగాలని దాని పుస్తకంలోనే రాసి ఉంది. లెక్క వేస్తే ముప్ఫై రెండు మైళ్లు రావాలి, వచ్చింది ఇరవై అయిదు, స్లిప్ ఇరవై రెండు శాతం. పాంటూన్‌కు అది మామూలే. అప్పుడు చూసినవాడెవడైనా ప్రొపెల్లర్ భేషుగ్గా ఉందనే అంటాడు. ఆ ఇద్దరు మనుషులకూ ఆ ఉదయానికీ అది నిజంగానే భేషుగ్గా ఉంది.

వేసవిలో మా మామగారు వచ్చారు. ఆయనది కోనసీమ. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వైపు పోయే పంటు ఎక్కుతూ దిగుతూ పెరిగిన మనిషి. మెరీనాలో మా బోటు చుట్టూ ఒకసారి నడిచి చూసి, "మన పంటులాగే ఉందే అల్లుడుగారూ" అన్నారు. ఇక్కడి జనం ఇంత డబ్బు పోసి పంటు కొనుక్కుంటారా అన్న ఆశ్చర్యం ఆయన ముఖంలో దాగలేదు. ఆ వెంటనే, "మామూలుగా ఎంతమంది ఎక్కుతారు?" అని అడిగారు. మా తోడల్లుడు ఉత్సాహంగా, "గంటకు పాతిక మైళ్లు పోతుంది మామయ్యగారూ" అన్నాడు. అడిగినదానికీ చెప్పినదానికీ పొంతన లేదు. మామగారు మళ్లీ అడగలేదు. బల్ల మీద చెయ్యి వేసి, గొట్టాలు నీళ్లలో ఎంతవరకు మునిగాయో వంగి చూశారు.

ఆ రోజు ఎక్కినవాళ్లం పెద్దలం ఎనిమిది మందిమి, పిల్లలు ముగ్గురు. ట్యాంకు నిండా గ్యాస్. ముప్ఫై గ్యాలన్ల ట్యాంకు నిండితే అదే ఒక మనిషి బరువు. ఐస్ పెట్టె, పులిహోర గిన్నె, నీళ్ల సీసాలు, పిల్లల తేలే బొమ్మలు, వెనక లాగడానికి రబ్బరు ట్యూబు. పూర్తి త్రాటిల్ ఇస్తే ముల్లు 4,900 దగ్గర ఆగిపోయింది. వేగం పందొమ్మిదిన్నర మైళ్లు. స్లిప్ ముప్ఫై శాతం. పై చూపుకు నష్టమేమీ లేదు. బోటు పోతూనే ఉంది, పాటలు మోగుతూనే ఉన్నాయి, మా అత్తగారు ఎండకు చెంగు కప్పుకుని హాయిగానే కూర్చున్నారు. కాని ఇంజిన్ తనకు రాసిపెట్టిన హద్దుకు కింద, పూర్తి మోతతో మూలుగుతోంది. అలా నడిపితే సిలిండర్లలో ఒత్తిడీ వేడీ పెరుగుతాయి, మసి పేరుకుంటుంది, గ్యాస్ ఎక్కువ తాగుతుంది. నిదానంగా తిరుగుతోంది కాబట్టి ఇంజిన్ సుఖంగా ఉందని పైనున్నవాళ్లకు అనిపిస్తుంది. ఉన్నది దానికి సరిగ్గా తలకిందులు.

ప్రొపెల్లర్లు సరిచేసే పెద్దాయన ఒకరు మా కౌంటీలోనే ఉన్నారు. వంగిన రెక్కలను అచ్చు మీద పెట్టి సుత్తితో సరిచేస్తారు. ఆయన దగ్గరికి వెళ్తే ఇంజిన్ ఏ కంపెనీదో, బోటు ఏ మోడలో అడగలేదు. "మామూలుగా ఎంతమంది ఎక్కుతారు?" అని అడిగారు. ఆ ప్రశ్న అప్పటికే ఒకసారి విన్నాను. సఖినేటిపల్లి రేవులో పంటు చూసినవాడికీ, జార్జియాలో సుత్తి పట్టినవాడికీ మొదట తోచింది అదే కావడం యాదృచ్ఛికమని నేననుకోను. బరువును రేవు దాటించడం చూసిన కళ్లు వేగం వైపు పోవు. నేను నేర్చుకున్నది ఇదే: ప్రొపెల్లర్‌ను ఇంజిన్‌కు తగ్గట్టు ఎంచరు, బోటుకు తగ్గట్టు కూడా ఎంచరు, ఆ బోటు మీద మామూలుగా గడిచే రోజుకు తగ్గట్టు ఎంచుతారు. ఏ రోజును కొలతగా తీసుకున్నామో ముందు తేల్చుకోకపోతే మిగతా అంకెలన్నీ కరెక్టే అయినా జవాబు మాత్రం వేరేవాడి బోటుకు వర్తిస్తుంది.

కొలిచి చూడకుండా ప్రొపెల్లర్ తేలదన్న సంగతి పాతదే. 1836లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ రైతు. తన పొలం చెరువులోనే నమూనా పడవ నడిపి చూసుకున్నాడు. మరుసటి ఏడాది లండన్ కాలువలో కాస్త పెద్ద పడవ తిప్పాడు. దాని చెక్క మర రెండు పూర్తి చుట్లున్నది. దారిలో ఏదో తగిలి సగం విరిగిపోయింది. పడవ ఆగాలి కదా, ఆగకపోగా జోరందుకుంది. చుట్లు ఎక్కువుంటే పట్టు ఎక్కువుంటుందని కూర్చుని ఆలోచించిన ఏ బుర్రకైనా తోస్తుంది. ఆ ఆలోచన తప్పని చెప్పింది విరిగిన ముక్క. స్మిత్ పేటెంటును ఒక్క చుట్టుకు దిద్దుకున్నాడు.

ఆ తర్వాత బ్రిటిష్ నౌకాదళం రాట్లర్ అనే ఓడకు ఏడాదికి పైగా రకరకాల ప్రొపెల్లర్లు మార్చి మార్చి బిగించి పరీక్షించింది. అదే రాట్లర్‌ను 1845లో పక్క చక్రాల ఓడ అలెక్టోకు వెనకా వెనకా కట్టి లాగుడు పందెం పెడితే, ఎదుటి ఓడను వెనక్కి ఈడ్చుకుపోయింది. చరిత్ర పుస్తకాలు ఈ పందాన్నే చెప్తాయి. బొమ్మ వేయడానికి బాగుంటుంది మరి. నా మటుకు దానికి ముందు నెలల తరబడి జరిగిన విసుగు పుట్టించే పరీక్షలే అసలు కథ. బ్రూనెల్ అంతటి ఇంజినీరు గ్రేట్ బ్రిటన్ ఓడకు ఆరు రెక్కల ప్రొపెల్లర్ పెడితే, మొదటి ఏడాదే రెక్కలు విరిగిపోయి నాలుగు రెక్కలది పెట్టాల్సి వచ్చింది. మా బోటు గొట్టాల కింద తిరిగే ఆ చిన్న ముక్కకు అంత పెద్ద వంశం ఉందని తెలిశాక, దాన్ని అమ్మినవాడు పెట్టిందే ఖాయం అనుకోవడం కొంచెం అమర్యాదగా తోచింది.

పాంటూన్ సంగతి మామూలు మోటారు బోటుకన్నా వేరు. ఈ రకం బోటు పుట్టింది 1950ల తొలినాళ్లలో, మిన్నెసోటాలోని రిచ్‌మండ్ అనే చిన్న ఊళ్లో. ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు, ఉక్కు పీపాలను వరసగా అతికి వాటి మీద చెక్క బల్ల వేశాడు. కదలకుండా నిలబడే నేల నీళ్ల మీద కావాలన్నదే ఆయన ఊహ. వేగం అందులో భాగమే కాదు. అడుగు ఏటవాలుగా ఉండే బోటు జోరందుకున్నాక నీటి మీదికి లేచి జారుతుంది, అప్పుడు తడిసే మేర తగ్గుతుంది. రెండు గొట్టాల బోటు అంతగా లేవదు. ఎంత వేగంలోనైనా గొట్టాలు నీటిని చీల్చుకుంటూనే పోవాలి. పైగా ఇంజిన్ ఆ రెండిటి నడుమ ఉంటుంది. గొట్టాలు చిలికిన నురగ, గాలి కలిసిన నీళ్లే దానికి అందుతాయి. ఆ నీటిలో సన్నని రెక్కలు, ఎక్కువ పిచ్ పెడితే పట్టు దొరకదు.

దీనికి సిద్ధాంతం రాంకిన్ అనే ఇంజినీరు 1865లోనే రాసిపెట్టాడు. కొంచెం నీటిని గట్టిగా విసరడం కన్నా ఎక్కువ నీటిని మెల్లగా వెనక్కి తోస్తే వృథా తక్కువ. బరువులు లాగే టగ్గులకు పెద్ద వ్యాసం, తక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్లు అందుకే. పాంటూన్ స్వభావం కూడా టగ్గుదే, సోఫాలు ఉన్నాయి కాబట్టి మనకు తోచదు. ఇదే కారణానికి కొన్ని కంపెనీలు పాంటూన్ల కోసం పెద్ద గేర్‌కేసు చేస్తున్నాయి. మెర్క్యురీ 115 ఇంజిన్‌లో మామూలు గేర్ నిష్పత్తి 2.07 అయితే, కమాండ్ థ్రస్ట్ అనే దాంట్లో 2.38. ప్రొపెల్లర్ నిదానంగా తిరుగుతుంది, పెద్ద రెక్కలను తిప్పగలుగుతుంది. కొత్తగా కొనేవాళ్లు పాటల సిస్టమ్‌కు పెట్టే డబ్బు దీనికి పెడితే నేను మెచ్చుకుంటాను. ఎవరూ పెట్టరనుకోండి.

పెద్దాయన లెక్క ఇలా సాగింది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే పూర్తి త్రాటిల్‌లో నూటయాభై నుంచి రెండు వందల ఆర్‌పీఎమ్ పెరుగుతుంది. రెండంగుళాలు తగ్గిస్తే మూడు నాలుగు వందలు. నాలుగో రెక్క చేరిస్తే అందులో కొంత వెనక్కి పోతుంది, బదులుగా మలుపుల్లో పట్టు వస్తుంది. ఖాళీ బోటులో ఇద్దరే ఎక్కినప్పుడు 6,000 దాటకూడదు, ఇంటిల్లిపాదీ ఎక్కినప్పుడు 5,000కు తగ్గకూడదు, ఈ రెండు గట్ల మధ్యా ఏది పడితే అదే మనది. ఆయన పరీక్షకని ఇచ్చింది నాలుగు రెక్కల అల్యూమినియంది, పిచ్ 11. అంచున చిన్న వంపు, కప్పింగ్, ఉంది. నురగ నీళ్లలో పట్టు జారకుండా అది కాపాడుతుంది.

నిండు బోటుతో 5,200 ఆర్‌పీఎమ్ వచ్చింది, ఇరవై మైళ్ల వేగం, స్లిప్ ఇరవై శాతం చిల్లర. పాత ప్రొపెల్లర్‌తో పోలిస్తే పైవేగంలో పెరిగింది అర మైలే. మారింది వేరేచోట. లీవరు తోయగానే ముక్కు పైకెత్తి ఆలోచించుకునే అలవాటు పోయింది. ట్యూబు మీద పిల్లలను లాగేటప్పుడు మలుపులో ఇంజిన్ ఒక్కసారిగా కేక వేసి బోటు చతికిలబడేది, అది ఆగింది. రెక్కలు పైనుంచి గాలిని లోపలికి పీల్చుకోవడం వల్ల వచ్చే కేక అది. రేవులో చాలామంది దీన్నే కావిటేషన్ అంటారు గాని కావిటేషన్ వేరు. అక్కడ రెక్క వెనక ఒత్తిడి పడిపోయి నీళ్లే ఆవిరి బుడగలవుతాయి. 1894లో చార్లెస్ పార్సన్స్ తన టర్బీనియా ఓడ అనుకున్న వేగం అందుకోకపోతే, ఆ తర్వాత వేడినీళ్ల తొట్టెలో చిన్న ప్రొపెల్లర్ తిప్పి ఆ బుడగలను కళ్లారా చూశాడు. చివరికి ఒక్కో ఇరుసుకు మూడేసి చొప్పున మూడు ఇరుసులకు తొమ్మిది ప్రొపెల్లర్లు పెట్టి 34 నాట్లు దాటించాడు. మా ఇరవై మైళ్ల బోటుకు అంత కష్టం రాదు. ఇంజిన్ కొంచెం కిందికి దింపి, ట్రిమ్, అంటే ఇంజిన్ వాలు, మరీ బయటికి తీయకుండా ఉంటే గాలి మింగడం చాలావరకు తగ్గుతుంది.

ఇక గాలివాటు సంగతి. పాంటూన్ పందిరి, రెయిలింగు కలిసి తెరచాప పనే చేస్తాయి. మెరీనాలో మన బోటు నిలిపే గదిలోకి వెనక్కి తెచ్చి పెట్టేటప్పుడు పక్క నుంచి గాలి కొడితే, తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే గట్టిగా పట్టే రెక్కలు కావాలి. రేవులో నిలబడి చూసే జనం ముందు ఆ రెండు నిమిషాలు సాఫీగా గడవడం నాకైతే గంటకు అయిదు మైళ్ల అదనపు వేగం కన్నా విలువైనది. ఈ లాభం ఏ అంకెల పట్టికలోనూ ఉండదు.

మా తోడల్లుడు పట్టుకున్నది ఖాళీ బోటు అంకెను. ఇద్దరమే ఎక్కి ఖాళీగా నడిపితే 5,900 ఆర్‌పీఎమ్, వేగం ఇరవై మూడున్నర. "ఒకటిన్నర మైలు పోయింది అన్నయ్యా" అన్నాడు. పోయిన మాట నిజమే. స్టెయిన్‌లెస్ స్టీలుది కొంటే అది తిరిగి వస్తుందని అతని వాదన. స్టీలు రెక్కలు పలచగా ఉంటాయి, బరువుకు వంగవు, పట్టు బాగుంటుంది, అందులో అబద్ధం లేదు. కాని వాన తక్కువైన ఏడు లేనియర్ మట్టం 1,071 అడుగుల నుంచి బాగా దిగిపోతుంది. నిన్న నీళ్లున్న చోట ఇవాళ ఎర్రమట్టి దిబ్బ, రాయి, మొద్దు. అల్యూమినియం రెక్క రాయికి తగిలితే తనే వంగి ఊరుకుంటుంది, పెద్దాయన సుత్తి దగ్గరికి పోతే చాలు. స్టీలు వంగకపోతే ఆ దెబ్బ లోపలి గేర్లకు, ఇరుసుకు చేరవచ్చు. గుబ్బలో ఉండే రబ్బరు కొంత ఆపుతుంది గాని అన్నిసార్లూ ఆపదు. మాలాగా పిల్లలకు చూపించడానికి ప్రతి పాయలోకీ దూరేవాళ్లకు అల్యూమినియమే మేలని నా అభిప్రాయం. వాదన ఇంకా తెగలేదు. స్టీలుది తళతళలాడుతుంది కూడా, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒకసారి కుదిరింది కదా అని అంకెలు శాశ్వతం కావు. జులై ఎండలో, ఉక్కపోతలో గాలి పలచబడి ఇంజిన్ బలం కొంత తగ్గుతుంది, అందుకే మార్చి ఉదయం చూసిన 5,600ను నమ్మడానికి లేదు. ఎత్తు పెరిగితే ఇంకా తగ్గుతుంది. ప్రతి వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం. కాలిఫోర్నియా నుంచి బంధువులు వేసవికి పోయే లేక్ టాహో దాదాపు 6,200 అడుగుల ఎత్తున ఉంది. మా బోటునే అక్కడ దింపితే, సముద్రమట్టంతో పోలిస్తే ఇంజిన్ బలంలో అయిదో వంతు దాకా ఎగిరిపోతుంది, 11 పిచ్ కూడా బరువే అవుతుంది. గొట్టాలకు పాచి పట్టినా, వాటిలో ఎక్కడైనా నీళ్లు చేరినా ముల్లు మెల్లగా కిందికి జారుతుంది. ఆ జారుడును చూసి ప్రొపెల్లర్ మార్చేకన్నా ముందు గొట్టాలు కడిగి చూడటం చౌక.

ప్రొపెల్లర్ విప్పడం పెద్ద విద్య కాదు. తాళంచెవి తీసేసి, కిల్ స్విచ్ తాడు ఊడదీసి, రెక్కకూ పై పలకకూ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి నట్టు విప్పాలి. విప్పినప్పుడల్లా ఇరుసు మొదట్లో చేపల గాలం దారం చుట్టుకుని ఉందేమో చూడాలి. కంటికి ఆనని ఆ నైలాన్ పోగు సీలును కోస్తే నీళ్లు గేర్లలోకి పోతాయి. మనుషులు ఈదుతూ నిచ్చెన దగ్గరికి వస్తుంటే ఇంజిన్ న్యూట్రల్‌లో ఉంటే చాలదు, పూర్తిగా ఆపేయాలి. మా ఇంట్లో పిల్లలకు కూడా ఇది కంఠస్థం.

పాత 13 పిచ్ ప్రొపెల్లర్‌ను పారెయ్యలేదు. నట్టు, వాషరు, రెంచీతో సహా సీటు కింద పెట్టెలో ఉంటుంది, దారిలో ఏ రాయో తగిలితే పనికొస్తుందని. కాని అది ఎక్కువగా బయటికి వచ్చేది అక్టోబరులో. స్కూళ్లు నడుస్తుంటాయి, మామగారూ అత్తగారూ ఊరికి వెళ్లిపోయి ఉంటారు, నీళ్ల మీద జనం పలచబడతారు. అప్పుడు మా తోడల్లుడు కొడుకును వెంటబెట్టుకుని వెళ్తాడు. ఇద్దరే మనుషులు, పావు ట్యాంకు గ్యాస్, చల్లని గాలి. వెళ్లేముందు రేవులోనే నాలుగు రెక్కలది విప్పి పాతది బిగించుకుంటాడు. నేను అడ్డు చెప్పను. ఆ రోజుకు ఆ బోటు మీద ఎక్కేది వాళ్లిద్దరే.